సున్నా పడ్డ మాటలు

జైతూన్‌బీ ఉద్యోగంలో చేరిన మర్నాడే పద్మనాభయ్య ఆఫీసుకి తన కూజా తను తెచ్చుకున్నాడు. అంతవరకూ ఆ గదిలో అందరూ ఒకే కుండలో నీళ్లు ముంచుకుని తాగేవాళ్లు. ఆయన కూజాని తన బల్ల కింద పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టి, ఎవరివంకా చూడకుండా "ఎండలు ముదిరినాయి" అన్నాడు. అప్పుడు డిసెంబరు నెల.

నెల్లూరులో ఒక మేడ మీద రెండు గదులు ఆ ఆఫీసు. విశ్వవిద్యాలయం వాళ్లు అరవై నాలుగులో మొదలుపెట్టిన పని అది. జిల్లాలో రైతులు, పడవలవాళ్లు, నేతవాళ్లు, వడ్రంగులు తమ పనుల్లో వాడే మాటలన్నీ పోగుచేసి నిఘంటువు వేయాలి. కాగితాల మీద రాసి పేర్చుకుంటూ కూచుంటే ఏళ్లు పట్టేట్టుందని, మద్రాసులో ఒక సర్కారు కచేరీలో ఉన్న లెక్కల యంత్రాన్ని అద్దెకి మాట్లాడుకున్నారు. ఒక్కో మాటకి ఒక్కో అట్ట, దాని మీద చెప్పినవాళ్ల పేరు. ఆ మాట ఏ ఊరిది, ఏ వృత్తిది, చెప్పింది ఆడా మగా, అన్నీ అంకెల్లోకి మార్చి గడుల్లో వేస్తే, మద్రాసులో ఆ అంకెల ప్రకారం అట్టకి చిల్లులు పొడుస్తారు. యంత్రం ఆ చిల్లుల్ని బట్టి అట్టల్ని కట్టలుగా వేరు చేస్తుంది.

ఈ పనంతా నడిపించడానికి ప్రొఫెసర్ చెంచురామయ్య తన దగ్గర తెలుగు ఎం.ఏ. చదివిన జైతూన్‌బీని తీసుకున్నాడు. బుచ్చిరెడ్డిపాలెంలో గిన్నెలకి కళాయి వేసే మౌలా సాహెబ్ కూతురామె. ఊళ్లు తిరిగేవాళ్లు రాసుకొచ్చింది సరిచూడటం, అంకెలు వేయించడం, మద్రాసుకి పంపడం, ఉన్న ఒక్క టేపు రికార్డరు ఈ వారం ఎవరి చేతికివ్వాలో తేల్చడం ఆమె పని. ఆ ఉద్యోగం తన మేనల్లుడికి వస్తుందని ఆశపడ్డ పద్మనాభయ్యకి అది మింగుడు పడలేదు. ఆయన అక్కడ భాషాపండితుడు. అట్టలో చివరి గడి ఆయనది. తెలుగు మాట, సంస్కృతం మాట అయితే ఒకటి వేస్తాడు. పరభాషది అయితే సున్నా. సున్నా పడ్డ అట్టల్ని యంత్రం విడిగా నెట్టేస్తుంది. అవి నిఘంటువులోకి రావు.

ఆమె చెయ్యి చాపితే అందేంత దూరంలో కూచుని కూడా ఆయన ఆమెతో నేరుగా మాట్లాడేవాడు కాదు. "హెబ్రోనూ, అట్టలు మద్రాసుకి ఎప్పుడు పోతాయో కనుక్కో" అనేవాడు. "హెబ్రోనన్నా, అయ్యగారు చివరి గడి నింపిన రోజు పోతాయని చెప్పు" అనేది ఆమె. హెబ్రోను మిషను బడిలో అయ్యవారి పని మానేసి, ఊళ్లు తిరిగి మాటలు రాసుకురావడానికి చేరినవాడు, నలభై దాటిన మనిషి. ఇద్దరి మాటలూ విని, ఇద్దరికీ మళ్లీ చెప్పకుండా, తన రాత తను రాసుకునేవాడు.

రెండో ఏడు వేసవిలో హెబ్రోను బుచ్చిరెడ్డిపాలెం పోయి, మౌలా సాహెబ్ కొలిమి పక్కన కూచుని కళాయి పని మాటలన్నీ రాసుకొచ్చాడు. ఆ అట్టలు పద్మనాభయ్య బల్ల మీద నుంచి తిరిగొచ్చినప్పుడు జైతూన్‌బీ వాటిని ఒక్కొక్కటే తిప్పి చూసింది. కొలిమికీ తిత్తికీ ఒకటి పడింది. తక్కినవాటికి దాదాపు అన్నింటికీ సున్నా. హెబ్రోనుని మధ్య పెట్టుకోకుండా ఆమే లేచి ఆయన బల్ల దగ్గరికి పోయింది.

"పద్మనాభయ్య గారూ, కళాయికి సున్నా వేసినారే."

"అది తురకమాట."

"జిల్లాలో దానికి ఇంకో మాట ఉందా?"

"తగరపు పూత."

"ఎవురంటారండీ ఆ మాట?"

"అనాలి" అన్నాడాయన.

"మా నాయన మీ వీధిలో తగరపు పూత అని కేకేస్తే మీ ఇంట్లో అమ్మగారు గిన్నెలు బయట పెడతారా?"

పద్మనాభయ్య కలం కింద పెట్టాడు. "మీ నాయన కేకలు అచ్చు వేయడానికి కాదు విశ్వవిద్యాలయం డబ్బు పోస్తావుండేది. నిన్నని ఏం లాభం. నీకు తెలుగు చెప్పినోళ్లని అనాల."

హెబ్రోను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

నెలకోసారి వచ్చే చెంచురామయ్య ఆ సారి ఇద్దర్నీ ఎదురుగా కూచోబెట్టుకున్నాడు. గొడవంటే గిట్టని మనిషి. పని ముగిసి, పైవాళ్ల ముందు పుస్తకం పెడితే చాలు ఆయనకి.

"యంత్రానికి నియమం కావాలమ్మా" అన్నాడు. "మొహం చూసి ఒకటీ సున్నా వేస్తే అది నడవదు. పరభాషా పదమైతే సున్నా. అంతే."

"నియమం అందరికీ ఒకటేనా సార్?"

"ఒకటే."

"పద్మనాభయ్య గారికీ అదే మాటా?"

"పెట్టిందే నేను" అన్నాడు పద్మనాభయ్య.

ఆ ఆదివారం ఆమె ఊరికి పోయింది. మౌలా సాహెబ్ నిప్పుల మీద రాగి డేగిసా తిప్పుతూ, నవాసారం పొడి చల్లి, దూదితో లోపల తగరం రుద్దుతున్నాడు. వేరేవాళ్ల నోటి నుంచి వినడం కంటే తనే చెప్పడం మేలని, జరిగింది చెప్పింది. ఆయన చెయ్యి ఆపకుండా విన్నాడు.

"రెండు దినాలు ఈడ కూచున్నాడే ఆయన" అన్నాడు చివరికి. "బేరాలు పోతే పోనీ, బిడ్డ ఆఫీసు పని గదా అని పిల్లకాయలకి చెప్పినట్టు చెప్పినాను."

"సున్నా వేసింది నేను కాదు నాయనా."

"నువ్వు కాదులే. నువ్వు ఆడ కూచోని చేసేదేందో, అదే నాకు అర్థం కాలా."

డేగిసాని నీళ్ల తొట్లో ముంచి, ఇంకో గిన్నె అందుకున్నాడు. ఆమె పొద్దుగూకే దాకా ఉన్నా ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మరుసటి వారం మద్రాసు పోవాల్సిన కట్ట వరి సేద్యానిదీ ధాన్యం వ్యాపారానిదీ. సంగం, కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం పెద్దరైతులు చెప్పిన మాటలు. చెప్పినవాళ్లు తెలిసినవాళ్లు కాబట్టి పద్మనాభయ్య చూడకుండానే వరసగా ఒకట్లు వేసుకుంటూ పోయాడు. జైతూన్‌బీ మాటల పుట్టుక చెప్పే లావు పుస్తకాలు బల్లమీద పెట్టుకుని, అరబీ పార్సీల నుంచి వచ్చిన ప్రతి మాటకీ ఒకటి కొట్టి సున్నా వేయడం మొదలుపెట్టింది.

హెబ్రోను దగ్గరికొచ్చి చూశాడు. "ఆయన వేసిన అంకె కొట్టేస్తావుండారు. ఉద్యోగం పోతాదమ్మా."

"నియమం ప్రకారమే చేస్తావుండానన్నా."

"నా కంట పడకుండా చేసుంటే బాగుండు. రేపు అడిగితే అబద్ధం చెప్పలేను."

"చెప్పబాక. నిజమే చెప్పు."

ఆమె ఇంకో అట్ట తీసింది. కోపంలో ఉన్నంతసేపూ ఇది న్యాయమే అనుకుంది.

అచ్చయిన కాగితాలు మద్రాసు నుంచి రాగానే చెంచురామయ్య కాలేజీ హాలులో సభ పెట్టించాడు. విశ్వవిద్యాలయం పెద్దలొచ్చారు. ఆఫీసుకి మేడ ఇచ్చిన బుచ్చిరెడ్డిపాలెం ధాన్యం వ్యాపారి వెంకయ్య ముందు వరసలో కూచున్నాడు. పద్మనాభయ్య కొత్త కండువా వేసుకొచ్చి, సేద్యం మాటలు చదవడం మొదలుపెట్టాడు. నారుమడి, మునుం, పనలు, కుప్ప నూర్పిడి. అక్కడిదాకా బాగానే నడిచింది. వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి వెంకయ్య చెయ్యెత్తాడు.

"అయ్యా, బస్తా చదవలేదే."

పద్మనాభయ్య కాగితం తిప్పాడు. బస్తా లేదు.

"దలాలీ కూడా ఇనపళ్లా. రసీదు? బాకీ?" అన్నాడు వెంకయ్య. "రైతన్నా ఉన్నాడా లేడా?"

వెనక ఎవరో నవ్వారు. పద్మనాభయ్య కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి, తిప్పినవే మళ్లీ తిప్పాడు. జైతూన్‌బీ వంక చూశాడు.

ఆమె లేచి నిలబడింది. "బస్తా పార్సీ మాట సార్. రసీదూ అదే. దలాలీ, బాకీ అరబీవి. రైతు కూడా అరబీ నుంచి వచ్చిందే. పరభాషకి సున్నా అన్నారు. వేసినాను."

"ఇది పగ" అన్నాడు పద్మనాభయ్య. గొంతు పెంచకుండానే అన్నాడు, హాలంతా వినపడింది. "తురకదాన్ని తెచ్చి తెలుగు మీద కూచోబెడితే ఇంతేనని మొదటే చెప్పినా."

ఎవ్వరూ ఆయన్ని ఆ మాట వెనక్కి తీసుకోమనలేదు. ఆమె చెంచురామయ్య వంక చూసింది. ఆయన బల్ల మీది పూలదండని సర్దుతున్నాడు. పద్మనాభయ్య అన్న మాట ఆమెకి కొత్త కాదు. ఆ దండ సర్దడమే ఆ తర్వాత చాలా కాలం ఆమెని నిద్రపోనివ్వలేదు.

సభ ముగిశాక చెంచురామయ్య వరండాలో ఆమెని పిలిచాడు. "నాతో ఒక మాట అనుండాల్సింది."

"అడిగినాను సార్. అందరికీ ఒకటేనా అని."

"తాళంచెవులు హెబ్రోనుకి ఇచ్చెయ్యి" అన్నాడాయన.

ఆమె పోయాక నియమం మారింది. రైతుల నోట, గృహస్థుల నోట పాతుకుపోయిన మాటలు తెలుగు కిందే లెక్క అన్నారు. చేతిపనులవాళ్ల మాటలకి సున్నాలు అట్లాగే ఉండిపోయాయి. జైతూన్‌బీ కోవూరులో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పుకుంటూ ఉంది.

వానలు పడుతుండగా ఒకరోజు హెబ్రోను గొడుగేసుకుని బడికొచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో ఉత్సాహం కనపడింది.

"కళాయి నిఘంటువులోకి వచ్చిందమ్మా" అన్నాడు. "టేపు రికార్డరు ఎత్తుకుని పద్మనాభయ్య గారింటికే పోయినాను. ఆయన సంస్కృత పాఠానికి పోయుండాడు. కామాక్షమ్మ గారిని వంటపాత్రల సంగతి చెప్పమంటే గడగడా చెప్పింది. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే చిలుం దిగి కక్కుకుంటాం అనింది. గృహస్థుల నోటి మాట గదా. చెంచురామయ్య గారి ముందే ఆయన ఒకటి వేయాల్సి వచ్చింది. పెళ్లాం పేరు చూసి నోరెత్తలా."

జైతూన్‌బీ వింది. "నవాసారం వచ్చిందా?"

"అది ఇళ్లల్లో అనరు గదమ్మా. ఆమెకి తెలవదు."

"కళాయి ఎవరు చెప్పినట్టు ఉంది?"

"కామాక్షమ్మ గారు" అన్నాడు హెబ్రోను. అన్నాక అర్థమైంది ఆయనకి. గొడుగు మడిచి, నేల మీద కారుతున్న నీళ్లవంక చూశాడు.

"మా నాయన కొలిమి కాడ రెండు దినాలు కూచున్నావు నువ్వు."

"నేను చేయగలిగింది అంతేనమ్మా."

"తెలుసు. నువ్వు మంచే చేసినావన్నా. ఇంక నా దగ్గరికి ఆ ఆఫీసు సంగతులు తేబాక."

గంట కొట్టారు. ఆమె సుద్దముక్క తీసుకుని తరగతిలోకి పోయింది. హెబ్రోను వాన కొంచెం తెరిపి ఇచ్చేదాకా వరండాలో నిలబడి, నెల్లూరు బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.