పన్నెండో ట్యూబు

ముప్ఫయ్యో ట్యూబు మీద చీటీ అంటించి, బసవయ్య కుడిచేతిని ప్యాంటు జేబులో దాచేశాడు. లోపల అది కొర్రమీను పిల్లలా కదులుతూనే ఉంది.

ఉయ్యూరు నుంచి బస్సులో గవర్నర్‌పేట రావడం, ల్యాబు ఊడవడం, రక్తం ట్యూబులకు పేర్లు రాసి ఐసులో సర్దడం. పద్నాలుగేళ్లుగా ఇదే. గోడ మీద పార్కిన్సన్స్ లక్షణాల పటం కూడా రోజూ ఆయనే తుడుస్తాడు. వణికే చెయ్యి, బిగిసిన ముఖం, చిక్కిపోయే చేతిరాత. పటం ఇంగ్లీషులో ఉంది కనుక ఆయన చదవలేదు. డాక్టర్లు ఎప్పుడో చదివేశారు కనుక మళ్లీ చూడలేదు.

"ఏమయ్యా, ఒక్కసారి నవ్వితే ముత్యాలు రాలిపోతాయా?" అంది డాక్టర్ శాంభవి.

నవ్వాననే అనుకున్నాడు బసవయ్య.

ఆ జబ్బున్నవాళ్ల రక్తంలో ఆవిడ వెతుకుతున్నది ప్రొటీన్ తయారుచేయని ఆర్‌ఎన్‌ఏని. తాను ఏదీ వండదు, ఏ జన్యువు ఎంత వండాలో మాత్రం అజమాయిషీ చేస్తుంది. ఒకప్పుడు దాన్ని చెత్త అన్నారట. "మా అత్తగారేనండీ," అన్నాడు బసవయ్య ఒకసారి. ఎవరూ నవ్వలేదు.

రోగులతో పోల్చడానికి ఆరోగ్యవంతులు చాలక, పోయిన నెల సిబ్బంది రక్తమే తీశారు.

అసిస్టెంటు మణికుమార్ కాగితాలతో వచ్చాడు. "మేడం, ఆరోగ్యవంతుల్లో పన్నెండోది అచ్చం రోగుల్లాగే వస్తోందండీ. మూడుసార్లు చేశాను. బసవయ్యగారిది."

"ఇంకేముంది, చీటీలు మార్చేశాడు!"

"మార్చలేదండీ. అది నా రక్తమేనండీ," అన్నాడు బసవయ్య.

"నీదైతే అలా ఎందుకొస్తుంది? ఆ రాత చూడు, చీమల బారు నయం!"

"ఈమధ్య చెయ్యి సాగట్లేదండీ."

"చెయ్యి సాగదు, నవ్వు రాదు. అబద్ధం మాత్రం తడుముకోకుండా వస్తుంది. రేపట్నుంచి రావద్దు."

"పద్నాలుగేళ్లలో ఒక్క చీటీ తప్పలేదండీ, మేడం. అది మాత్రం రాసుకోండి."

ఎవరూ రాసుకోలేదు. టిఫిను క్యారేజీ ఎడంచేత్తో తీసుకుని, పాదాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా నడిచాడు. కుడిచెయ్యి ఊగకుండా ఒంటికి అతుక్కునే ఉంది.

"నడక చూడు, పెళ్లినడక," అంది శాంభవి.

మణికుమార్ పన్నెండో ట్యూబును 'పనికిరానివి' అరలోకి తోసి ఫ్రీజరు మూశాడు. చీటీ మీద 'ఆరోగ్యవంతుడు' అని ఉంది. మొదటి అక్షరం జొన్నగింజంత, ఆఖరుది గసగసాలంత.