ఆఖరి సాలు

మా మామ నా బిడ్డను ఎక్కడనో ఒకకాడ దించి, దించిన సంగతే మర్సిపోతడు. నాకున్న భయాలల్ల అన్నిటికన్న పెద్దది గిదే. పాములు, కరెంటు, హైవే మీది లారీలు అన్నీ దీని తర్వాతనే.

మామ పేరు గౌరయ్య. అత్వెల్లిల ఆయన తెలువనోళ్లు లేరు. శామీర్‌పేట పోయే తొవ్వల మాకు అంగూర్ తోట ఉండె. ఇప్పుడది వెంచరైంది, తీగలు పారిన కాడ హద్దురాళ్లు లేసినయి. అయినా ఏ హద్దు ఎవరిదో, ఏ బోరు ఏ ఎండకాలం ఎండిందో ఊరోళ్లు మామనే అడుగుతుండిరి. గసొంటి మనిషి పోయిన చలికాలం నుంచి ఒక చెప్పు తొడుక్కొని రెండోదాని కోసం ఇల్లంత దేవులాడుడు షురూ జేసిండు. నా పేరు సృజన. నన్ను "భవితా" అని పిలుస్తడు, అది నా ఆడబిడ్డ పేరు. ఒక్కోనాడు ఏ పేరూ దొరకక ఉత్త చేత్తోని పిలుస్తడు. ఒకనాడు పొద్దుగాల అంగి గుండీలు పెట్టుకుంట పెట్టుకుంటనే కుడిచెయ్యి పట్టుదప్పి జారిపోయింది. ఏదో చెప్పబోయిండు, మాట రాలే. చాయ్ సల్లారే లోపల మళ్ల మంచిగైండు.

"ఏం లేదు, మెడ నరం పట్టింది" అన్నది మా అత్త సత్యమ్మ. "జంగయ్య కాడికి పోయి మెడ ఇరిపించుకో. నెత్తికి నెత్తురు పారుతది."

జంగయ్యది రోడ్డు పక్క కటింగ్ షాపు. గడ్డం గీసినంక నెత్తికి మాలిష్ జేసి, గదువ కింద ఒక చెయ్యి, మాడు మీద ఒక చెయ్యి పెట్టి మెడను అటొకపారి, ఇటొకపారి పటక్కుమనిపిస్తడు. ఆ సప్పుడు ఇంటెనే మా ఊరి మొగోళ్లకు ఆదివారం అయినట్టు. మామకైతే అది లగ్గం కాకముందు నుంచి ఉన్న అలవాటు.

నేను మొండికేస్తే దవాఖానకు తీసుకపోయినం. మా ఆయన రాఘవేందర్ కారు నడిపిండు గని లోపలికి రాలే, ఫోన్ల ఉన్నడు. మామ మెడకు జిగురు రాసి మిషన్ పెట్టి చూసిన్రు. తర్వాత మెదడు ఫొటో తీసిన్రు.

"మెడల ఇటొకటి అటొకటి పెద్ద నెత్తురు గొట్టాలుంటయమ్మా" అన్నది డాక్టరమ్మ. "ఈయనకు ఎడమ దిక్కుది లోపల కొవ్వు, సున్నం పేరుకొని మస్తు సన్నగైంది. మెదడుకు కావాల్సినంత నెత్తురు అందుతలేదు." ఫొటోల తెల్లటి మచ్చలు చూపెట్టింది. "ఇగో, ఈ మచ్చలున్న కాడ మెదడు దెబ్బతిన్నది. ఒక్కపారే కాదు, కొంచెం కొంచెం, ఆయనకు గూడ తెలువకుంట. మతిమరుపు అందుకే. మొన్న చెయ్యి జారింది అన్నరు చూడు, అది పెద్ద పక్షవాతానికి ముందు ఇషారా."

మామ కుర్చీల ముందుకు వంగి ఆ ఫొటోను చూసిండు. తోట ఉన్నప్పుడు పొద్దుగాల తీగలను గట్లనే చూస్తుండెనట.

"డ్రిప్పు పైపుకు సున్నం పట్టినట్టు" అన్నడు. "ముంగటి సాళ్లు పచ్చగనే ఉంటయి. ఆఖరి సాలు ఎండుతది."

"అంతే పెద్దాయనా."

"మేమైతే యాసిడ్ ఎక్కిస్తుంటిమి. నాకు గూడ ఒక సీసా ఎక్కియ్యరాదు?"

డాక్టరమ్మ నవ్వింది. నా మొకం చూసి ఆ నవ్వు బందు జేసింది. ఆపరేషన్ జేసి ఆ గొట్టం సాఫ్ చెయ్యాలె, ఆలస్యం చెయ్యద్దన్నది. ఎండింది మళ్ల పచ్చగైతదని చెప్పలేను, మిగిలినదాన్ని కాపాడుకుందామన్నది. బండి నడపనియ్యద్దు. మెడకు మాలిష్ గని, ఇరుచుడు గని అస్సలే వద్దు. లోపల పట్టిన పెచ్చు ఊడి మెదడుల అడ్డం పడితే మనిషి దక్కడు.

కార్ల కూసున్నంక అంత మా ఆయనకు చెప్పిన. ఆయన అద్దంల నాయినను చూసిండు, మళ్ల రోడ్డు చూసిండు.

"చేపిద్దాం. రిజిస్ట్రేషన్ కానీ."

వెంచర్ల ఆఖరి ముక్క ఇంక మామ పేరు మీదనే ఉన్నది. దాన్ని కొనేటోళ్లు, నడుమ ఉన్న లీడర్లు, అందరికి మా ఆయన మాటిచ్చిండు. "సోయి లేని మనిషి సంతకం చెల్లదని రేపు ఎవడన్న కోర్టుకు ఎక్కితే? నాయిన ఇన్నేండ్లు కష్టపడ్డది ఏమైతది? ఎవరన్న అడిగితే మోకాళ్ల నొప్పులని చెప్పు."

ఆనాటి నుంచి గేటుకు తాళం. తాళంచెవి నా కొంగుకు. మామకు కావలి నేను, నాకు కావలి ఆ చెవి. కూరగాయలకు అత్త పోతది, బయటి పనులు మా ఆయన చూసుకుంటడు. ఇంట్ల నేను, మామ, నా నాలుగేండ్ల బిడ్డ అశ్రిత. ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను మామ మీద.

వాళ్లిద్దరికి ఒక ఆట ఉండె. తోటకు నీళ్లు పెట్టేటప్పుడు మోటరు కాడ ఒకరు నిలవడితే, ఆఖరి సాలు కాడ ఒక పిల్లనో పిల్లగాన్నో నిలవెడుతుండిరట. నీళ్లు ఆడిదాకా అందినంక ఆ పిల్ల "వచ్చినయ్!" అని ఒర్లాలె. అప్పుడే వాల్ తిప్పుతరు. మా ఆయన, భవిత చిన్నప్పుడు ఆ పని చేసినోళ్లే. మామ తన అర్ర గడప ముంగట కూసోని "నీళ్లొచ్చినయా?" అని అడిగేది. అశ్రిత బట్టలు ఉతికే బండ కాడ నిలవడి "వచ్చినయ్ తాతా!" అని ఒర్లేది. పేరు యాదికి లేకున్నా ఆట యాదికుండె.

ఒకనాడు జంగయ్యే గేటు కాడికొచ్చిండు.

"పటేలా! గడ్డం మేకపోతు లెక్క పెరిగి ఉంటదే. షాపుకు రాకపోతివి!"

"మోకాళ్ల నొప్పులు కాకా, నడుస్తలేడు" అన్న నేను, గేటు తీయకుంటనే.

"పటేలు గడ్డం మోకాళ్లకు మొలుస్తదా బిడ్డా? కుర్చీల కూసోబెడితే చాలు, నేను గీస్త గద."

నవ్విన. నాలుక మీదికొచ్చింది, కాకా, ఎప్పుడన్న వస్తే మెడ మాత్రం ముట్టకు అని. ముట్టకు అంటె ఎందుకంటడు. ఎందుకో చెప్తే కుర్చీల కూసున్న ప్రతి మనిషికి కత్తెర సప్పుడుతోని పాటు మా ఇంటి ముచ్చట ఇనవడతది. పొద్దుగూకే లోపల మేడ్చల్ దాకా పోతది. చెప్పకపోతే మామ మెడ. చెప్తే నా కాపురం. గేటు కమ్మీలు పట్టుకొని గట్లనే నిలవడ్డ. జంగయ్య ఎల్లిపోయిండు.

ఆ ఆదివారం నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న. స్నానం జేసేటప్పుడు కొంగు ముడి ఇప్పి తాళంచెవిని గోడ మొలకు తగిలిచ్చిన, మళ్ల కట్టుకునుడు మర్సిన. కింద బండి సప్పుడైతే మా ఆయన వచ్చిండేమో అనుకున్న. దిగేసరికి గేటు బార్ల తెరిచి ఉన్నది.

"మామేడి అత్తా?"

"మెడ పట్టిందని తిప్పలవడుతుండే. నేనే జంగయ్య కాడికి పొమ్మన్న" అన్నది అత్త, బియ్యం ఏరుకుంట. "పిల్ల వెంట పోత అని సతాయిస్తే బండి మీద ముంగట కూసోబెట్టిన."

"డాక్టరమ్మ ఏం చెప్పిందత్తా? మెడ ముట్టద్దన్నదని నేను నీకు చెప్పలేదా?"

"ఆ డాక్టరు నిన్న మొన్నటి పిల్లనాయె. జంగయ్య చెయ్యి మీ మామకు ఇయ్యాళ కొత్తనా?"

చెప్పులు లేకుంట ఉరికిన. హైవే మీద లారీలు ఆగుతనే లేవు. దాటేసరికి షాపు ముంగట మామ ఎక్సెల్ బండి కనిపించింది. లోపల మామ కుర్చీల వెనుకకు ఒరిగి కండ్లు మూసుకొని ఉన్నడు. సగం మొకానికి ఇంక నురుగుంది. జంగయ్య ఒక చెయ్యి గదువ కింద, ఒక చెయ్యి మాడు మీద.

"ఆగు కాకా!"

బల్ల మీద కూసున్నోళ్లంత నా దిక్కు తిరిగిన్రు. జంగయ్య చేతులు గాలిల ఆగినయి.

"మెడల నెత్తురు గొట్టం మూసుకపోయింది. ఇరిస్తే సచ్చిపోతడు. మెదడుకు నెత్తురు అందుతలేదు, అందుకే అన్నీ మర్సిపోతుండు. మోకాళ్ల నొప్పులు కాదు కాకా. మోకాళ్ల నొప్పులు కాదు."

పేపరు సదివేటాయన పేపరు కిందికి దించిండు. ఇంత జేసి చుట్టు చూస్తే నా బిడ్డ లేదు. బల్ల కింద చూసిన. అద్దం ఎనుక చూసిన.

"మామా, అశ్రితేది?"

"ఏ అశ్రిత?"

అంగట్ల వస్తువు అడిగినట్టు, అంత నిమ్మళంగ అడిగిండు.

"పటేలు ఒక్కడే వచ్చిండు బిడ్డా" అన్నడు జంగయ్య. "పిల్ల లేదు వెంట."

మామ కుడిచెయ్యి ఒళ్ల ఉన్న తువ్వాలను పట్టబోయింది, దొరకలే. పెదవులు కదిలినయి. "నీళ్లు" అన్నడు. "నీళ్లొచ్చినయా?"

అప్పుడు సమజైంది. "వెంచరు కాడికి పోదాం కాకా" అన్న.

జంగయ్య తన బండి తీసిండు. "పటేలును కదలనియ్యకున్రి" అని బల్ల మీదోళ్లకు చెప్పి నన్ను ఎనుక కూసోబెట్టుకున్నడు. తొవ్వంత హారన్ కొట్టుకుంటనే పోయిండు.

వెంచర్ల మురికినీళ్ల మోరీ పైపుల కోసం పొడుగ్గ కందకం తవ్విన్రు. ఆ కందకం కొసకు, ఆఖరి హద్దురాయి పక్కన నా బిడ్డ నిలవడి ఉన్నది. ఎండకు మొకం ఎర్రగ కందింది. కాళ్లు దగ్గర పెట్టుకొని నేల దిక్కే చూస్తున్నది.

"నీళ్లు ఇంక రాలే మమ్మీ" అన్నది. "తాత జరగద్దన్నడు."

ఆ రాత్రి మా ఆయన ఒర్లలే. ఒర్లినా బాగుండు.

"ఊరంత తెలిసింది. కొనేటోళ్లు ఫోన్ జేసిన్రు, మీ నాయినకు సోయి లేదట గద అని. సంబరమైందా?"

"పిల్ల కందకం అంచున ఉండె. ఇంక రెండడుగులేస్తే..."

"దొరికింది గద."

"డాక్టరమ్మ ఆలస్యం చెయ్యద్దన్నది. రేపే తీసుకపోదాం."

"తొమ్మిదిల బడి బందు వెట్టినదానివి, నువ్వు డాక్టరమ్మవైనవా?" అన్నడు. నా దిక్కు చూడకుంట, "నాకు నాయిన కాదా ఆయన? కొన్ని రోజులు. అంతే" అన్నడు.

తెల్లారి మామను నాగారంల భవిత ఇంటికి పంపుతున్నమన్నరు. ఊరోళ్ల కండ్లవడకుంట ఉంటడట, బాగున్నడని చెప్పుకోవచ్చట. అత్త డాక్టరమ్మ రాసిచ్చిన గోళీలన్నీ ఒక పాత రుమాలుల మూటగట్టింది. పొద్దటివి, మాపటివి అన్నీ కలిపేసింది. ఏడ్సుకుంట కడితే ఏం కనిపిస్తది? మామ తోటకు పోతున్నమనుకున్నడు. కార్ల ముంగట సీట్ల కూసోని అశ్రితను చూసి, "నువ్వు ఆఖరి సాలు కాడనే ఉండు బిడ్డా" అన్నడు. పేరు చెప్పలే.

ఇప్పుడు తాళంచెవి నా కొంగుకు లేదు. మా ఆయన జేబుల ఉన్నది. గేటు లోపల నేను, నా బిడ్డ. భవితకు ఫోన్ జేస్తే "పండుకున్నడు వదినా" అంటది. పొద్దుగాల జేసినా పండుకున్నడే, మాపటికి జేసినా పండుకున్నడే. భవిత, ఆమె పెనిమిటి ఇద్దరు నౌకరికి పోతరు. తొవ్వ మర్సిపోతడని బయట గొళ్లెం పెట్టి పోతున్నమని ఆమెనే చెప్పింది. ఒక్కపారి మాట్లాడియ్యి అంటె ఫోన్ మామ చెవి కాడ పెట్టింది. ఊపిరి ఇనవడ్డది. మాట రాలే.

"తాతను దించి మర్సిపోయిన్రా మమ్మీ?" అని అడుగుతున్నది అశ్రిత.

గిది సదివేటోళ్లల్ల నాగారం దిక్కు ఉండేటోళ్లు ఎవరన్న ఉంటె, మీకు దండం పెడుత. నీళ్ల ట్యాంకు ఎనుక గల్లీల పసుపు రంగు బిల్డింగు, మూడో అంతస్తు, మెట్లెక్కంగనే కుడిదిక్కు తలుపు. ఒక్కపారి పోయి చూడున్రి. ఒకసారి నవ్వు పెద్దాయనా అని అడుగున్రి. మూతి ఒక దిక్కుకు పోతుందా చూడున్రి. రెండు చేతులు లేపుమనున్రి. ఒకటి కిందికి జారినా, మాట ముద్దగ వచ్చినా, అసలు రాకున్నా, నిద్రవట్టిందనుకోకున్రి, మెడ పిసుకకున్రి, నాకు ఫోన్ జేద్దామని ఆగకున్రి. జల్దీ పెద్ద దవాఖానకు తీసుకపోన్రి. నీళ్లొచ్చినయా అని అడిగితే, వచ్చినయని చెప్పున్రి.

తలుపుకు తాళం లేదు. గొళ్లెమే. బయటి దిక్కే ఉంటది.