రూతమ్మ టేపు పది మూరలు సాగిన రోజు

బ్లౌజు కొలిచే టేపు ఎంత పొడుగుంటుంది? అయిదడుగులంటారా? అయితే మిర్యాలగూడలో రూతమ్మ టైలరింగు షాపుకు మీరింకా పోలేదన్నమాట. ప్రయాణం పెట్టుకున్నవాళ్ళ భుజం మీద ఆమె టేపు ఆనిస్తే, గంటకో మూర సాగుతుంది. సూర్యాపేటకో కోదాడకో పోయేవాళ్ళకు ఒక మూర. విమానం ఎక్కేవాళ్ళకు గాలిలో ఉండే గంటలే లెక్క. దుబాయికి నాలుగు మూరలని బజారంతా ఎరుగుదురు. కొలత అయ్యాక టేపును మోచేతికి చుట్టుకుని రూతమ్మ తర్వాతి గిరాకీని పిలుస్తుంది.

బుధవారం పొద్దున నిడమనూరు నుంచి సంతోషి వచ్చింది, వదిన ప్రమీలను వెంటబెట్టుకుని. మరునాడే దుబాయి ప్రయాణం. ఎవరింట్లోనో వంటపని. కుదిర్చింది పరాయివాడు కాదు, ప్రమీల సొంత అన్న లక్ష్మీనర్సయ్య. పాస్‌పోర్టు కూడా ఆయన దగ్గరే ఉంది.

"రెండున్నర గంటలే అక్కా," అంటూ సంతోషి ఫోనులో టికెట్ ఫోటో చూపించింది. "పదింటికి లేస్తది, పన్నెండున్నరకు దిగుతది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ పోయినంత సేపు."

"గాడ గడియారం గంటన్నర ఎనక నడుస్తది, పిచ్చిదానా. నాలుగు గంటలు. సక్కగ నిలబడు."

టేపు సాగింది. నాలుగు మూరలు దాటింది. రూతమ్మ పెదాల మధ్య ఉన్న గుండుసూది కిందపడింది. టేపు గడప దాటి, మెట్లు దిగి, బయట పెట్టిన స్కూటీ చక్రానికి తగిలి ఆగింది. పది మూరలు.

"నీ టేపు ముసల్దైంది రూతమ్మా," ప్రమీల నవ్వబోయింది. "మా అన్న అబద్ధం చెప్తడా?"

"రేపు కోదాడ పోతున్ననంటివి గద. ఇటు రా."

ప్రమీల భుజం మీద ఒక్క మూర సాగి ఆగిపోయింది. ప్రమీల ఇక నవ్వలేదు.

సంతోషి లక్ష్మీనర్సయ్యకు ఫోను కలిపి స్పీకర్ పెట్టింది. "బావా, పది గంటల ప్రయాణమెట్లయింది?"

"ఎవరు చెప్పిన్రు నీకు?"

కాదనలేదు. ఎవరు చెప్పారని అడిగాడు.

"రూతమ్మ టేపు."

అతనూ ఈ తాలూకావాడే, టేపుతో వాదం పెట్టుకోలేదు. "దుబాయిల ఇంకో విమానం ఎక్కాలె. ఆరు గంటలు. ట్రిపోలీ, లిబియా దేశం. చెప్తే బుగులు పడతవని చెప్పలే."

"దుబాయి అవతల ఇంకో ఆరు గంటలా? గాడ ఎవరింట్ల?"

"పోయినంక తెలుస్తది. నీతోటి దామరచర్ల అంజమ్మ గూడ వస్తది. ఆమె ఒక్క మాట అడగలే."

ప్రమీల ఫోను గుంజుకుంది. "అన్నా, పాస్‌పోర్టు పట్టుకొని గంట లోపల నువ్వు ఈడ ఉండాలె. లేకుంటే నేను ఠాణాల ఉంట."

గంటలోపే వచ్చాడు. పాస్‌పోర్టు కుట్టుమిషను మీద పెట్టి, చెల్లెలి మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. సంతోషి నిడమనూరు పోలేదు. రూతమ్మను తీసుకుని దామరచర్ల బస్సెక్కింది. అంజమ్మ ఇంటికి తాళం ఉంది. రేపటి విమానానికని పొద్దున్నే శంషాబాద్ బయల్దేరిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

అంజమ్మ ఫోను కలవడం లేదు. విమానాశ్రయంలో మీకు తెలిసినవాళ్ళెవరున్నా సరే, ఇప్పుడే ఫోను చెయ్యండి. ఆమెను లోపలికి పోనియ్యొద్దని చెప్పండి.