జారిపడిన ఆడవాళ్లు

"మెట్లు కాదు. నాన్న బెల్టు."

కోర్టు హాల్లో ఆరేళ్ల పిల్ల అన్న మాట అది. తండ్రి తరఫు ప్లీడరు ముసిముసిగా నవ్వాడు. "పిల్లకి ఎవరో చిలకపలుకులు నేర్పారండీ. ఇదిగో, తల్లి పనిచేసే కుట్టు ఫ్యాక్టరీవాళ్ల ప్రథమ చికిత్స రిజిస్టరు. ఏడుసార్లు మెట్ల మీద జారిపడిందని రాసుంది. ఇంట్లో తగిలిన దెబ్బ ఒక్కటీ లేదు."

ఆ ఏడుసార్లూ రాసిన చెయ్యి వెనక బెంచీలో చేతిసంచీ కింద దాక్కుంది. ఫ్యాక్టరీలో అందరూ నర్సక్క అని పిలిచే మనిషిది ఆ చెయ్యి. లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

కొత్త చట్టం మంచిదే. దెబ్బలు తిన్న తల్లికి ఇల్లూ పిల్లలూ దక్కాలంటుంది. కాకపోతే రుజువు అడుగుతుంది. చట్టం రాసినవాళ్లకి మన రిజిస్టర్ల సంగతి ఏం తెలుసు? ఆ రుజువు కాస్తా తల్లికే ఎదురు తిరిగింది. పదిరోజుల తర్వాత మళ్లీ విచారణ, అప్పటిదాకా పిల్ల తండ్రి దగ్గరే ఉండాలన్నారు జడ్జిగారు. కాలర్లు కుట్టే ఆ తల్లి కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. పిల్ల వెళ్తూ వెళ్తూ నర్సక్క వైపే చూసింది.

మర్నాడు తిండి గంటలో, కాంటీన్లో అందరి ముందూ నర్సక్క నోరు విప్పింది. "పాపం నాది. రాసింది నేను."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అక్కడి పద్ధతే అది. గేటు లోపల తగిలిన దెబ్బకైతే సగంరోజు సెలవిస్తారు. ఇంట్లో తన్నులు తిని వస్తే ఆబ్సెంటు వేస్తారు. అందుకే ఎవరి మొహం వాచినా నర్సక్క పన్నెండేళ్లుగా "మెట్ల మీద జారిపడింది" అని రాసి పడుకోబెట్టేది. మంచి చేస్తున్నాననే అనుకుంది. ఆ మంచే ఇప్పుడు ఒకామె బిడ్డని లాక్కుపోయింది.

"నువ్వు ఒప్పుకుంటే మా అందరి మెడకీ చుట్టుకుంటుంది," అంది బొత్తాలు కుట్టే ఆమె. "సెలవులూ పోతాయి, పనీ పోతుంది. నీకేం, ఒంటి మనిషివి. నాకు ఇద్దరు పిల్లలు."

"దానికీ ఒక పిల్ల ఉందిగా," అని ఎవరో అన్నారు. మాటామాటా పెరిగింది.

అంతసేపూ తలొంచుకుని తింటున్న ఇస్త్రీ బల్ల ముసలమ్మ చెయ్యి ఎత్తింది. "ఒక్కటి అడుగుతానర్రా. మన ఫ్యాక్టరీకి మెట్లెక్కడున్నాయి?"

అందరూ తలలెత్తి చుట్టూ చూశారు. నిజమే. రేకుల కప్పు, ఒక్కటే అంతస్తు, గుడ్డల బళ్లు తిరగాలని గడపలు కూడా తీసేశారు. పన్నెండేళ్లుగా లేని మెట్ల మీద జారుతూనే ఉన్నారు. ప్రతి పేజీ కిందా మేనేజరు సంతకం ఉంది, తనిఖీకొచ్చిన ఆఫీసరు సంతకమూ ఉంది.

"అంటే వాళ్లందరికీ తెలుసన్నమాట," అంది బొత్తాల ఆమె మెల్లిగా. కంచం పక్కకి జరిపి, "నేను నాలుగుసార్లు పడ్డాను. నా పేరూ చెప్పు," అంది.

పదోరోజున మిషన్లు ఆగాయి. మేనేజరు గేటుకి అడ్డం నిలబడి, దాటినవాళ్లని తీసేస్తాననీ, నర్సు మీద దొంగరాతల కేసు పెడతాననీ అన్నాడు.

"పెట్టండి బాబూ. మీ సంతకాలు కూడా అందులోనే ఉన్నాయి," అంటూ ముసలమ్మ అతన్ని పక్కకి తప్పించి నడిచింది.

నర్సక్క బోనెక్కింది. ఆ ఏడు రాతలూ అబద్ధాలనీ, రాసింది తనేననీ తడబడకుండా చెప్పింది. ఆమె తర్వాత ముప్ఫై ఎనిమిది మంది ఒకరి వెనక ఒకరు లేచి, ఎవరు కొడితే ఎక్కడ పడ్డారో చెప్పారు. ప్లీడరు రిజిస్టరు మూసేశాడు. జడ్జిగారు పిల్లని తల్లికి అప్పగించమన్నారు.

బయట పోలీసు జీపు సిద్ధంగా ఉంది. మేనేజరు అన్నంత పనీ చేశాడు. నర్సక్క ఎక్కబోతుంటే పిల్ల దగ్గరికొచ్చింది. చెంప మీద ఇంకా మానని గీత ఉంది. ఈ పదిరోజుల్లో పడిందే అది.

"నర్సత్తా, నీకు తెలుసుగా. ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డానమ్మా," అంది నర్సక్క. ఆ చెంప వైపు చూడలేక జీపెక్కి కూర్చుంది.

జీపు కదల్లేదు. ముందు బొత్తాల ఆమె, వెనక మిగతావాళ్లు, చక్రాలకి అడ్డంగా నేలమీద చతికిలబడ్డారు.

"సంతకాలు పెట్టినవాళ్లని కూడా తెచ్చి ఎక్కించండి," అంది బొత్తాల ఆమె పోలీసులతో. "అందాకా మేం లేవం."