భూమేష్ వెలిగించిన నక్షత్రం

బోధన్‌లో ఒక జూనియర్ కాలేజీలో సింధూజ ఫిజిక్స్ చెబుతుంది. దసరా సెలవులు అయిపోయిన వారంలో, దూరం పెరిగే కొద్దీ వెలుగు ఎలా పలచబడుతుందో బోర్డు మీద గీసి చూపిస్తూ, నక్షత్రాల దూరాలు కూడా ఈ సూత్రంతోనే లెక్కగడతారని మాటవరసకు అన్నది. రెండో బెంచీలోంచి శృతి అనే అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, మీరెప్పుడన్న లెక్కగట్టిండ్రా?"

అందులో వెక్కిరింత లేదు. ఆ పిల్లకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. అందుకే సింధూజకు తప్పించుకోబుద్ధి కాలేదు.

"లేదు గని, ఈసారి చేస్త. క్రిస్మస్ సెలవులకు ముందే మీకు ఒక చుక్క దూరం చెప్త," అని క్లాసు ముందు మాట ఇచ్చేసింది.

ఇంటికి వచ్చి, స్కూటీ స్టాండు వేశాక గాని ఆ మాట బరువెంతో తెలియలేదు. తిన్నగా స్టూడియోలో ఉన్న భర్త దగ్గరికి వెళ్లింది. భూమేష్‌కు బస్టాండు పక్క గల్లీలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల ఫోటోలు తీయడంలో చుట్టుపక్కల మండలాల్లో అతనికి మంచి పేరు. సింధూజకు సొంత మేనత్త కొడుకు కావడంతో, పెళ్లై ఇన్నేళ్లయినా ఆమె నోట 'బావా' అన్న పిలుపు పోలేదు.

"బావా, నీ కెమెరా కావాలె."

"ఎవరి పెండ్లి?"

"పెండ్లి గాదు. ఒక చుక్కను ఫోటో తియ్యాలె. ఒక్క దినం గాదు, నెల రోజులు."

భూమేష్ నవ్వలేదు. లెన్సు తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి, "ఏ లెన్సు పనికొస్తది?" అని అడిగాడు.

రాత్రి అన్నాల దగ్గర అత్త గోదావరికి కూడా సంగతి తెలిసింది. "సుక్క దాకా ఎట్ల కొలుస్తవ్ బిడ్డా? టేపు పట్టే మనిషేడి అటు దిక్కు?" అన్నది ఆమె, కోడలి కంచంలో ఇంకో జొన్నరొట్టె వేస్తూ.

సింధూజ చెప్పింది. తాను ఎంచుకున్నది శ్రవణ నక్షత్రానికి కాస్త కిందుగా కనిపించే ఒక మసక చుక్క. ఈటా అక్విలే అని దానికి పేరు. అది ఒక్క తీరుగా వెలగదు. ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, మళ్లీ ఉబ్బుతుంది. వెలుగు కూడా దాంతో పాటే పెరిగి తగ్గుతుంది. ఒక చుట్టు పూర్తి కావడానికి వారం మీద కొన్ని గంటలు పడుతుంది. ఈ జాతి నక్షత్రాలు ఎంత నిదానంగా ఉబ్బి ముడుచుకుంటే, వాటి అసలు వెలుగు అంత ఎక్కువ. కాబట్టి చుట్టుకు ఎన్ని రోజులో తెలిస్తే, దగ్గరుండి చూస్తే అది ఎంత వెలుగుతుందో తెలిసిపోతుంది. మన దాకా వస్తున్న వెలుగు ఎంతో కొలిస్తే, మధ్యనున్న దూరం బయటపడుతుంది.

"ఫ్లాష్ లెక్కనే గద ఇది," అన్నాడు భూమేష్. "పెండ్లికొడుకు రెండింతల దూరం జరిగితే మీద పడే వెలుగు నాలుగో వంతే."

"గదే సూత్రం బావా!" అన్నది సింధూజ, చేతిలో రొట్టె ముక్క మరిచిపోయి.

గోదావరి కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూసింది. "అంటే గా సుక్క ఊపిరి తీస్తదన్నట్టు. పానమున్నట్టే ఉన్నది," అని తనలో తాను అనుకుంటూ కూర గిన్నె తెచ్చేందుకు లేచింది.

ఊళ్లో వీధి దీపాల మధ్య ఆ చుక్క దొరకదు. సాలూర రోడ్డు మీద షౌకత్‌కు రెండెకరాల చెరకు ఉంది. ఆయన కూతుళ్ల పెళ్లి ఫోటోలన్నీ భూమేషే తీశాడు. అడగగానే, "మోటరు కొట్టం దగ్గర జాగ ఉన్నది. రా బేటీ, ఎన్ని రోజులైనా రా," అన్నాడు. ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో అటు ఆకాశమంతా ఎర్రగా వెలిగేదట. ఇప్పుడు అటువైపు చీకటే. "ఫ్యాక్టరీ బందయితే నాకు దుఃఖమే మిగిలింది. నీకన్న పనికొచ్చింది," అన్నాడు ఆయన.

రోజూ పొద్దుగూకాక ఇద్దరూ బండి మీద వెళ్లేవాళ్లు. భూమేష్ స్టాండు బిగించి ఫోటోలు తీసేవాడు. సింధూజ పక్కన నిలబడి ఏ చుక్క ఏదో చూపించేది. తర్వాత అతను స్టూడియోలో ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చేవాడు. ఆమె తన చుక్క వెలుగును, ఎప్పుడూ మారకుండా ఉండే పక్క చుక్కల వెలుగుతో పోల్చి గ్రాఫు మీద రోజుకో గుర్తు పెట్టి గీతతో కలిపేది. కొండలా లేచి లోయలా దిగాల్సిన గీత అది.

మూడు వారాలు గడిచినా గీత లేవలేదు, దిగలేదు. ఎండిన కాలువలా అడ్డంగా పోతూనే ఉంది.

సింధూజ లెక్కలు మళ్లీ చేసింది. తప్పు చుక్కను చూస్తున్నానేమోనని పటాలు తిరగేసింది. చుక్క అదే. కాలేజీలో శృతి ప్రతి సోమవారం, "ఎంతదాక వచ్చింది మేడమ్?" అని అడుగుతుంటే, "నడుస్తున్నది," అని చెప్పి డస్టర్ అందుకునేది. ఇంట్లో మాట తగ్గిపోయింది. ఒకరోజు సాయంత్రం వంటింట్లో పప్పు అడుగంటుతున్నా చూడకుండా నిలబడి ఉంటే, గోదావరి వచ్చి పొయ్యి బంద్ చేసింది.

"ఏమైందే సింధూ?"

"నాకు చాతనైతలేదు అత్తా. ప్రపంచమంతా మారుతదని చెప్పే చుక్క, నేను చూస్తే మారుతలేదు."

ఆ మాట చెప్తున్నప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గోదావరి కొంగుతో కోడలి ముఖం తుడిచి, "స్టూడియోకు పో. వాడు ఒక్కడే ఉన్నడు. ఇద్దరు కూసోని సూడుండ్రి," అని పంపించింది.

సింధూజ వెళ్లేసరికి భూమేష్ నిన్నటి ఫోటో తెరిచి పెట్టుకుని ఉన్నాడు. తెర మీద ఆ చుక్కను పెద్దగా చేసి, పెళ్లికూతురి ముఖానికి మెరుగులు దిద్దినట్టే, చిన్న బ్రష్షుతో దాని మీద వెలుగు అద్దుతున్నాడు. సింధూజ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"బావా, ఏం జేస్తున్నవ్?"

"నిన్న మరీ డల్లుగ వచ్చింది నీ చుక్క. జర లేపుతున్న," అన్నాడు అతను తల తిప్పకుండానే. తర్వాత కాస్త గర్వంగా, "ఒక్కరోజు గూడ దాన్ని మసకబారనియ్యలే నేను. పక్క చుక్కల జోలికి పోలే. నీదాన్నే చూసుకున్న," అన్నాడు.

సింధూజ పక్కనున్న కుర్చీలో కూలబడింది.

"బావా! అది మసకబారుడే గద నాకు కావాల్సింది!"

ఆమె విడమరిచి చెప్పేకొద్దీ భూమేష్ ముఖం పాలిపోయింది. "ఏ దినమన్న తక్కువ కనబడితే నేను సరిగ్గ తియ్యలేదేమో అనుకున్న సింధూ. దాని పెరుగుడు తగ్గుడు ఫోటోల కనబడేటంత ఉంటదనుకోలే. నువ్వు ఫికర్ చేస్తవని..." అన్నాడు. ఏమీ మార్చని రా ఫైళ్లు ఉన్నాయేమోనని ఆమె అడిగింది. లేవు. పెళ్లిళ్ల సీజను కాబట్టి కెమెరా మెమరీ కార్డు ఖాళీ చేస్తూ పోయాడు. మూడు వారాల పని పోయింది.

ఆమెకు కోపం వచ్చింది. లేచి నాలుగు మాటలు గట్టిగా అనాలనుకుంది కూడా. అంతలో తెర మీద కళ్లు పడ్డాయి. మూడు వారాలు తన భర్త, పెళ్లి ఆల్బమ్‌ల పని పక్కన పెట్టి, సూది మొనంత చుక్క ముందు కూర్చుని, అది చిన్నబోకుండా కాపలా కాశాడు. నవ్వు వచ్చింది. ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వింది. భూమేష్ మొదట బిత్తరపోయి, తర్వాత తానూ నవ్వాడు.

"మరి నా ఫోటోల లెక్కన చూస్తే అది ఎంత దూరంల ఉన్నట్టు?"

"వెలుగు పెంచితివి గద. ఉన్నదానికన్న దగ్గరికొచ్చింది."

"మంచిగనే గుంజుకొచ్చిన అయితే," అన్నాడు అతను. ఆమె అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అయితే చుక్క రోజురోజుకూ పడమటికి దిగిపోతున్నది. ఇంకొన్నాళ్లైతే సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది. మరోపక్క భూమేష్‌కు వరసగా పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాయి. అందుకని అతను తన పాత కెమెరా తీసి, రా ఫైళ్లు పడేలా సర్ది, సింధూజకు తీయడం నేర్పించాడు. ఆమె రెండు రోజుల్లో నేర్చుకుంది. ఒంటరిగా చెరకు తోటల మధ్యకు పోవడానికి మాత్రం జంకింది.

"నేనొస్త పా," అన్నది గోదావరి, శాలువా భుజాన వేసుకుని.

అట్లా అత్తాకోడళ్లు స్కూటీ మీద సాలూర రోడ్డు పట్టారు. టార్చి వెలుగు కళ్లకు కొట్టకుండా దానికి ఎర్ర గుడ్డ చుట్టి పట్టుకోవడం గోదావరి పని. మొదట్లో ఏ చుక్క చూపించినా, "అన్ని ఒక్క తీరుగనే ఉన్నయ్," అనేది. వారం తిరిగేసరికి కోడలికన్నా ముందే, "అగో, నీ సుక్క. నిన్నటికన్న తక్కువున్నది సూడు," అనడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చి గ్రాఫు మీద పెడితే నిజంగానే తక్కువ ఉండేది. గీత మెల్లగా దిగింది, అడుగు తాకింది, పైకి లేవడం మొదలైంది. దారిలో ఇద్దరూ ఎన్నో కబుర్లు చెప్పుకునేవాళ్లు. తన తమ్ముడు, అంటే సింధూజ వాళ్ల నాన్న, చిన్నప్పుడు చెరకు బండి వెనక వేలాడి పళ్లు రాలగొట్టుకున్న సంగతి గోదావరి చెప్పింది. సింధూజకు అది అప్పటిదాకా తెలియదు.

సరిగ్గా గీత శిఖరానికి చేరాల్సిన రోజుల్లో వరి కోసిన మళ్లలో కొయ్యకాళ్లు తగలబెట్టారు. పడమర అంతా పొగ. శ్రవణమే కనిపించలేదు. రెండు సాయంత్రాలు ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. శిఖరం ఎంత ఎత్తో తెలియకపోతే లెక్క నిలబడదు. వచ్చే శిఖరం దాకా ఆగితే చుక్క పూర్తిగా దిగిపోతుంది. ఆ రెండు రోజులూ భూమేష్ కమ్మర్‌పల్లిలో ఒక పెళ్లికి వెళ్లి ఉన్నాడు. ఫోన్‌లో సింధూజ పొగ సంగతి చెబితే, "అట్లనా," అని మాత్రం అన్నాడు.

పెళ్లి ముగించుకుని ఇంటికి వచ్చిన పొద్దున, చెప్పులు విడవకముందే జేబులోంచి చిన్న కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఫంక్షన్ హాల్ మిద్దె ఎక్కి తీసిన. రెండు దినాలు. బారాత్ లేటయింది గని ఎవరు ఏమనలే. ఆడ పొగ లేదు, మంచిగ కనబడ్డది." తర్వాత, "నేను ఏం ముట్టుకోలే. ఒట్టు," అన్నాడు.

సింధూజ కార్డును అరచేతిలో మూసి, అతని భుజానికి తల ఆనించింది. వంటింట్లోంచి వస్తున్న గోదావరి గుమ్మంలోనే వెనక్కి తిరిగింది.

ఆ ఫోటోలతో గీత పూర్తయింది. నిటారుగా లేచి, మెల్లగా జారి, మళ్లీ లేచింది. దాన్ని పట్టుకుని సింధూజ లెక్కగడితే, ఆ చుక్క దూరం వెయ్యి కాంతి సంవత్సరాలకు కాస్త పైన వచ్చింది. క్రిస్మస్ సెలవులకు ముందు ఆ అంకెను క్లాసులో బోర్డు మీద రాసింది. పక్కనే, పెద్ద పెద్ద టెలిస్కోపులతో పరిశోధకులు తేల్చిన అంకె కూడా రాసింది. అది సుమారు తొమ్మిది వందలు.

"మరి మీది తప్పా మేడమ్?" అన్నది శృతి.

"ఎందుకు ఎక్కువొచ్చిందో చెప్పుండ్రి," అన్నది సింధూజ. పిల్లలు తలా ఒక కారణం చెప్పారు. చివరికి శృతే, "మధ్యల ఏమన్న అడ్డమున్నదా?" అని అడిగింది. ఉన్నది. నక్షత్రాల మధ్య సన్నటి ధూళి ఉంటుంది. అది కొంత వెలుగును తాగేస్తుంది కాబట్టి చుక్క ఉన్నదానికన్నా దూరంగా తోస్తుంది. ఆ లెక్క తాను ఇంకా కలపలేదని సింధూజ చెప్పింది. గంట కొట్టాక కూడా శృతి కదల్లేదు. ధూళి ఎంతుందో ఎట్లా కొలుస్తారని అడుగుతూ స్టాఫ్ రూమ్ దాకా వెంట వచ్చింది.

ఆ ఆదివారం సాయంత్రం ముగ్గురూ షౌకత్ పొలానికి మళ్లీ వెళ్లారు. ఈసారి కొలిచే పనేమీ లేదు. గోదావరి చేసిన సకినాలు షౌకత్ ఇంటికి ఇచ్చి, మోటరు కొట్టం ముందు మంచం వాల్చుకుని కూర్చున్నారు. సింధూజ అత్తకు బైనాక్యులర్ ఇచ్చి, ఉత్తరం వైపు ఎత్తున ఒక జాగా చూపించింది.

"ఏందే ఇది? పిండి రాలినట్టు తెల్లగున్నది."

"అది ఒక్క చుక్క కాదత్తా. అదొక గెలాక్సీ. కోట్ల కోట్ల చుక్కలు. మనకు దగ్గరున్న పెద్ద గెలాక్సీ అదే. మన చుక్క లాంటి చుక్కలు అండ్ల కూడ ఉన్నయ్. వాటిని పట్టే దాని దూరం తెలుసుకున్నరు. పాతిక లక్షల కాంతి సంవత్సరాలు."

"దగ్గరనే అంటివి?"

"దగ్గరనే."

గోదావరి చాలాసేపు చూసింది. తర్వాత బైనాక్యులర్ కోడలికి ఇచ్చి, చలికి తన శాలువా సగం ఆమె మీద కప్పింది. భూమేష్ బండిలోంచి కెమెరా సంచి తీయబోయాడు.

"ఇయ్యాల వద్దు బావా," అన్నది సింధూజ, మంచం మీద జాగా చేస్తూ. "వచ్చి కూసో."