వేళ్ళ లెక్క

ఆ ఏడాది నాంపల్లిలో నన్ను "ఎన్నో నెల?" అని అడగనివాళ్ళు ఎవరైనా మిగిలారంటే, వాళ్ళు నన్ను చూడనివాళ్ళే అయ్యుంటారు. మొజంజాహీ మార్కెట్లో బత్తాయిలమ్మే ఆమె అడిగింది. బస్సులో ఒకావిడ లేచి సీటిచ్చి మరీ అడిగింది. ఎత్తుగా అంత పొట్ట కనిపిస్తుంటే అడిగినవాళ్ళ తప్పు కూడా కాదు. కానీ విని విని నాకు ఒళ్ళు మండిపోయేది. నాకు ఏ నెలా లేదు. కవలలు జానకి, సోము పుట్టి తొమ్మిది నెలలు కావస్తోంది. నా పొట్ట మాత్రం వాళ్ళింకా లోపలే ఉన్నట్టు ఉండిపోయింది.

పడుకున్నదాన్ని లేవబోతే బొడ్డుకి పైన నిలువుగా ఒక గట్టు తేలేది. లేచి కూర్చుంటే అణిగిపోయేది. నడుము విరిగిపోతున్నట్టుండేది. నీళ్ళ బకెట్ ఎత్తితే లోపల ఏదో జారిపోతుందేమోనని భయం. ఇదేం రోగమో, ఎవరితో చెప్పుకోవాలో తెలీదు. మా అమ్మ ఉంటే పురుటిరోజునే పాత చీరతో నడికట్టు కట్టి ఉండేది. ఆవిడ నా పెళ్ళికి ముందే పోయింది.

మావారు రాధాకృష్ణమూర్తిగారు ఊళ్ళో లేరు. ఆయన ఆబిడ్స్‌లో తంతి ఆఫీసు గుమాస్తా. కొత్త రాష్ట్రం వచ్చాక గుంటూరు నుంచి బదిలీ అయి వచ్చాం. టెలిగ్రాం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు రాసిచ్చిన మాటల్ని బొటనవేలితో వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టడం ఆయనకి ఎంత అలవాటంటే, ఇంట్లో నేను మాట్లాడుతున్నా ఆ బొటనవేలు కదిలేది. "నా మాటలకి కూడా డబ్బులు కట్టించుకుంటారా?" అని నవ్వేదాన్ని. పిల్లలకి మూడో నెల నడుస్తుండగా ఆయన్ని ఆర్నెల్ల ట్రైనింగుకి జబల్‌పూరు పంపించారు. పొట్ట సంగతి ఉత్తరాల్లో రాయలేదు. రాయడానికి సిగ్గేసింది.

మా ఇంటి ఓనరు సౌభాగ్యమ్మగారు పాత హైదరాబాదు మనిషి. చెయ్యి పెద్దది, మనసు ఇంకా పెద్దది, నోటికి మాత్రం తలుపు లేదు. ఓరోజు చింతకాయ తొక్కు గిన్నెనిండా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పుల్లగ తినబుద్ధయితది గద బిడ్డా. తిను."

"నాకేం లేదండీ. నిజంగా."

"ఔ ఔ, లేదు. దిష్టి తగుల్తదని దాస్తున్నవ్. మేం గుడ ఐదో నెల దాటేదాంక నోరు ఇప్పకపోతుంటిమి. జర బరువులు ఎత్తకు."

లేదన్నకొద్దీ ఆవిడకి నమ్మకం గట్టిపడింది. ఆయన ఊరెళ్ళే ముందే నిలిచింది, ఇప్పుడు ఆరో నెల అని ఆవిడ లెక్క. ఆ లెక్కలో తప్పెక్కడుందో మా ఇద్దరికే తెలుసు. పురుట్లో పడిన కుట్లు మానక, జ్వరం తిరగబెట్టి, నేను మంచంలో ఉన్నాను. ఆయన జబల్‌పూరు బండెక్కే రోజుదాకా వసారాలోనే పడుకున్నారు.

ఆయన తిరిగొచ్చిన పొద్దున నేను గడపలో నిలబడి ఉన్నాను. స్టేషన్ నుంచి నడిచే వచ్చారు, చంకలో పరుపుచుట్టతో. గేటు దగ్గర సౌభాగ్యమ్మగారు ఎదురైంది.

"రాండ్రి సారూ, రాండ్రి! మంచి ముచ్చట మీకు. కామాక్షమ్మ మల్ల నీళ్ళోసుకున్నది. నాకు చెప్పలే, నేనే కనిపెట్టిన. మీకు గుడ రాయలేదా ఏంది?"

ఆయన నా మొహం వంక చూసి, తరవాత పొట్ట వంక చూశారు. నన్ను చూడగానే వచ్చిన నవ్వు ఇంకా మొహాన అలాగే ఉంది, తియ్యడం మరిచిపోయినట్టు. పక్కకి వేలాడుతున్న కుడిచేతిని నేను చూశాను. బొటనవేలు కణుపుల మీద నడిచింది. ఒకచోట ఆగింది. మళ్ళీ మొదటినుంచీ నడిచింది.

ప్రయాణం బాగా జరిగిందా అని అడిగాను. బాగానే జరిగిందన్నారు. స్నానం చేశారు, భోంచేశారు, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆడించారు. పరుపు మాత్రం వసారాలో పరుచుకున్నారు. నన్ను ఒక్క మాట కూడా అడగలేదు.

అడిగితే చెప్పేదాన్ని. కేకలేసినా నేనూ నాలుగు కేకలేసి చెప్పేదాన్ని. ఎంత మంచివాడు, నోరెత్తలేదని అనుకునేవాళ్ళు ఉంటారేమో, నేను అనుకోను. జవాబు ఏమొస్తుందోనని భయపడి అడగలేదు. అంటే నా దగ్గర ఇంకో రకం జవాబు కూడా ఉండొచ్చని ఆయనకి తోచింది. నాకు ఏడుపు రాలేదు, కడుపు రగిలిపోయింది. నేనుగా చెప్పుకుంటే బతిమాలుకున్నట్టు అవుతుందని నేనూ నోరు మూసుకున్నాను.

మర్నాడు మాత్రం, "గన్‌ఫౌండ్రీలో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పిల్లల్ని నేను మొయ్యలేను, మీరు రండి," అన్నాను. ఎందుకని కూడా అడక్కుండా చొక్కా తొడుక్కున్నారు.

డాక్టరు విద్యావతిగారి గదిలో మంచానికి అడ్డంగా తెర ఉండేది. తెర అవతల బెంచీ మీద పిల్లలతో ఆయన. నన్ను పడుకోబెట్టి తల ఒక్కటే పైకెత్తమంది. ఎత్తగానే ఆ గట్టు లేచింది. ఆవిడ దానిమీద వేళ్ళు నిలువునా ఆనించి నొక్కింది.

"ఒక్క కాన్పుల ఇద్దరా?"

"అవునండీ."

"గదే మరి. పొట్ట నడుమ అటొకటి ఇటొకటి కండలుంటయమ్మా. ఇద్దరు పెరిగి పెరిగి వాటిని పక్కలకు జరిపిన్రు. మల్ల దగ్గరికి రాలే. ఫికర్ చెయ్యకు, జర టైం పడ్తది. కడుపు గిడుపు ఏం లేదు."

తెర అవతల ఆయన ఊపిరి వదిలారు. బరువు దించుకున్న మనిషి వదిలే పెద్ద ఊపిరి. నిన్నటి బొటనవేలు కన్నా ఆ ఊపిరే నన్ను ఎక్కువ కోసింది.

డాక్టరు ఆయన్ని లోపలికి పిలిచి జాగ్రత్తలు చెప్పింది. నేను బరువులెత్తకూడదు. లేచేటప్పుడు పక్కకి ఒత్తిగిలి, చెయ్యి ఆనించి లేవాలి. నడుముకి బట్ట చుట్టుకుని, రెండు కొసలూ ఎదురెదురుగా లాగి పట్టుకుని, ఊపిరి వదుల్తూ పొట్ట లోపలికి తీసి తల పైకెత్తాలి. రోజూ చెయ్యాలి.

"వారానికోసారి మీరే చూడాలె సారూ. ఆ కండల నడుమ సందుల ఎన్ని వేళ్ళు పడ్తున్నయో చూసి నాకు చెప్పున్రి," అంది.

ఇంటికొచ్చాక, మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయారు. నేను చాప మీద పడుకుని ఆయన్ని పిలిచాను.

"చెయ్యి ఇవ్వండి. ఆ చెయ్యి కాదు. నిన్న గేటు దగ్గర లెక్కపెట్టిన చెయ్యి."

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. కుడిచెయ్యి పట్టుకుని బొడ్డు పైన పెట్టుకుని తల ఎత్తాను. నాలుగు వేళ్ళూ మెత్తగా లోపలికి దిగిపోయాయి. వాటి కింద నా నాడి కొట్టుకోవడం నాకే తెలుస్తోంది.

"ఎన్ని?"

"నాలుగు," అన్నారు.

"మీ పిల్లలు చేసుకున్న చోటు అది. లెక్క సరిపోయిందా?"

"కామాక్షీ, నేను..."

"వద్దు. ఏమీ చెప్పకండి," అన్నాను. ఆ పూట ఆయన ఏం చెప్పినా వినే ఓపిక నాకు లేదు.

సంగతి తెలిసి సౌభాగ్యమ్మగారు బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో బిడ్డా, నువ్వు లేదు లేదంటె నేనే ఇనకపోతిని!" అని, తన పాత నేత చీర తెచ్చి, దగ్గరుండి రోజూ పొద్దున్నే తనే చుట్టింది. గేటు దగ్గర తన మాట ఏం చేసిందో ఆవిడకి తెలీదు. నేను చెప్పలేదు.

ఆయన కుళాయి దగ్గర నీళ్ళు పట్టారు, ఇద్దరు పిల్లల్నీ మోశారు, తడిబట్టలు పిండారు. వాకిట్లో పక్కవాటాల మగవాళ్ళు నవ్వితే తలెత్తి చూడలేదు. ప్రతి ఆదివారం చాప పక్కన కూర్చుని వేళ్ళు పెట్టి చూసేవారు. వారాల తరబడి ఏమీ మారేది కాదు. ఒక దగ్గు వస్తే చేసిందంతా పోయిందనిపించి గోడకి తిరిగి ఏడ్చేదాన్ని. వానలు పడేనాటికి మూడయ్యాయి. దీపావళికి రెండు. చలికాలంలో ఒక పొద్దున, ఆలోచించకుండానే వంగి సోముని ఎత్తుకున్నాను. ఎత్తుకున్నాక గుర్తొచ్చి, వాణ్ణి గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. బజార్లో ఎన్నో నెలని అడిగేవాళ్ళు లేరు.

ఆ ఆదివారం ఆయన ఒక్క వేలే పెట్టగలిగారు. డాక్టరమ్మ ముందే చెప్పింది, చాలామందికి ఆ మాత్రం సందు మిగిలిపోతుందట.

"ఒకటే కామాక్షీ. తగ్గిపోయినట్టే," అన్నారు. వేలు తియ్యలేదు. "ఇంకా నొప్పి ఉందా?" అని అడిగారు. జబల్‌పూరు నుంచి వచ్చాక ఆయన భయపడకుండా నన్నడిగిన మొదటి ప్రశ్న అదే.

"అక్కడ లేదు," అన్నాను.

ఆయనకి అర్థమైంది. చెయ్యి తియ్యకుండానే ఏడ్చారు. నేను తియ్యమనలేదు.