మేకకు మేత

ఆ పళ్ళ ఆస్పత్రి వెనకగదిలో ఒక యంత్రం ఉంది. పళ్ళకు తొడిగే పింగాణీ క్యాపులు ఎంత నమలుడుకు తట్టుకుంటాయో చూడటం దాని పని. నీళ్ళగిన్నెలో క్యాపును బిగిస్తే, పైనుంచి ఉక్కుగుండు దిగి కొరుకుతుంది, లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. ఆకలీ లేదు, అలుపూ లేదు. ఆస్పత్రి నడిపే అక్కచెల్లెళ్ళలో చిన్నది దానికి మేక అని పేరు పెట్టింది.

క్యాపులు చేసేది చిన్నది, వాటిని నోట్లో పెట్టేది డాక్టరైన అక్క. క్యాపు మందంగా ఉంటేనే నిలుస్తుందని అక్క వాదన. మందపుదానికి చోటు కావాలంటే పన్నును ఎక్కువ అరగదీయాలి. గోరంత పలచగా చేసి గట్టిగా అతికిస్తే చాలని చిన్నదాని వాదన. కానీ చేసిన పలచటి క్యాపునల్లా మేక పగలగొడుతూనే ఉంది.

ఈసారి పందెంలో ఉన్నది మేడమీద ఉండే మేనత్త కింది దవడ పన్ను. మామయ్య ఉన్నన్నాళ్ళూ గట్టివన్నీ తనే కొరికి, ముక్కలు చేసి ఆమె చేతిలో పెట్టేవాడు. ఆయన పోయిన ఏడాదికే ఆ పన్ను చీలింది. దానికి ఎదురుగా ఉన్న పై దవడ పన్నుకు అక్క ఎప్పుడో మందపు క్యాపు వేసింది.

“సోమవారం పొద్దుటిదాకా మేక నోట్లో నిలిస్తే నీదే వేస్తా. పగిలిందో, అరగదీసి నాది వేస్తా. మళ్ళీ నోరెత్తకూడదు,” అంది అక్క.

“అరగదీయడానికి నా పన్నేమన్నా పెన్సిలా?” అంది మేనత్త.

చిన్నది ఎవరికో పీకిన పన్ను ఒకటి తెచ్చి, దానికి క్యాపు అతికించి, మేకకు అప్పగించి వెళ్ళింది.

సోమవారం వచ్చి చూస్తే క్యాపు చెక్కుచెదరలేదు. చిన్నది ఎగిరి గంతేయబోయి ఆగింది. గుండుకీ క్యాపుకీ మధ్య నల్లటి ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది.

“అత్తయ్యా! ఏమిటిది?” వెనకే మెట్లు దిగి వచ్చిన మేనత్తను అడిగింది.

“ఉత్తినే నోరాడిస్తుంటే చూడలేకపోయానే. ముందు రొట్టెముక్క పెట్టా, నీళ్ళలో కరిగిపోయింది. అందుకని పాత చెప్పులోంచి ఇంత రబ్బరు కోసి పెట్టా. మేకే కదా, ఏదైనా తింటుంది!”

అంతలో అక్క వచ్చింది. చిన్నది చటుక్కున రబ్బరును జేబులో దాచింది. అక్క భూతద్దం పెట్టి చూసి, “సరే, గెలిచావు. అత్తయ్యా, నోరు తెరు,” అంది.

మేనత్త గబుక్కున నోరు తెరిచింది. ఆ చీలిన పన్ను కనబడగానే చిన్నది జేబులో చెయ్యి పెట్టింది. రబ్బరు తీసి, “మధ్యలో ఇది ఉంది,” అంటూ అక్క చేతిలో పెట్టేసింది.

“ఓసి దొంగా! దొంగమేతతో గెలిచింది చెల్లదు,” అంది అక్క.

“ఏం, ఎందుకు చెల్లదు?” నోరు మూసి లేచి కూర్చుంది మేనత్త. “ఇనుము కొరుక్కుంటూ ఎవరే బతికేది? మన పళ్ళమధ్య ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందిగా! ముందు పలచందే వెయ్యి. పగిలితే అప్పుడు అరగదీద్దువు గాని. అరగదీసిన పన్నును మళ్ళీ పెంచగలవా?”

అక్క భూతద్దాన్ని కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది. చివరికి, “నీ నోరు, నీ ఇష్టం,” అని పలచటిది అతికించింది.

కొన్నాళ్ళకు మేనత్త రుమాలు మూటతో మెట్లు దిగి వచ్చింది. మూటలో తెల్లటి పింగాణీ పెంకు ఉంది. చిన్నదాని మొహం పాలిపోయింది. అక్క అరగదీసే పరికరం అందుకుంది కూడా.

“అది కింద పెట్టు. చిన్నదానిది నిక్షేపంలా ఉంది. ఇది పైది, నీది,” అంది మేనత్త.

“ఏం కొరికావు అత్తయ్యా?”

“ఏదో గట్టిదే. కొరికిచ్చేవాడు లేడుగా!”

అక్క పరికరం కింద పెట్టింది. ఆ పెంకును అరచేతిలో అటూఇటూ తిప్పి చూసి, చెల్లెలి మొహం చూడకుండా అడిగింది.

“పై పంటికి, పెంకు ఊడిన చోట సరిపోయేలా, ఒక పలచటిది చేస్తావా? మేకకు పెట్టేటప్పుడు మాత్రం ఆ రబ్బరు మర్చిపోకు.”